‘సెటిల్’ చేసిందెవరు, ఎవరిని?

చిత్తూరు వైపు ఊళ్ళకి పోతే ముప్పై దాటినవాణ్ణి అడిగే మొదటి ప్రశ్న, “సెటిలయినావా నాయినా?” ఉద్యోగం, పెళ్ళి, బెంగళూరులో ఫ్లాటు, మూడూ ఆ ఒక్క మాటలోనే. రౌడీ భూమి తగాదా తీరిస్తే సెటిల్మెంటు. ఉద్యోగం మానేస్తే హెచ్చార్ లెక్క కట్టేది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంటు. కొన్ని కులాల మీద నేరస్థులని ముద్ర వేసి, బ్రిటిష్ ప్రభుత్వం కాపలా మధ్య ఉంచిన స్టువర్టుపురమూ సెటిల్మెంటే.

ఇంగ్లీషులో ఈ క్రియకి ఇద్దరు తల్లులు. ఒకటి పాత ఇంగ్లీషు ‘సెట్ల్’, అంటే ఆసనం. దాన్నుంచి పుట్టిన క్రియకి కూర్చోబెట్టడం అని అర్థం. రెండోది రాజీ చేయడం అనే అర్థమున్న వేరే మాట. మధ్యయుగాల్లో రెండూ ఒకేలా వినబడి కలిసిపోయాయి. మొదటి తల్లి మనకు చుట్టమే. సంస్కృతంలో ‘సద్’ అంటే కూర్చోవడం, సదస్సు అందులోంచే వచ్చింది. నీళ్ళలో మడ్డి దిగి పైన తేటపడితే వాళ్ళకి సెటిల్, మనకి ప్రసన్నం. కార్వేటినగరం వేణుగోపాలస్వామి గుళ్ళో చేతిలో పెట్టే ప్రసాదానికీ అదే ధాతువు. విషాదానికీ అదే!

తెలుగులో దీనికి దగ్గరి మాట ‘కుదురు’. గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్టే కుదురు. పిల్లాడు కుదురుగా కూర్చుంటాడు, పెళ్ళి కుదురుతుంది, బేరం కుదురుతుంది. కూర్చోవడమూ రాజీ పడటమూ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి. తేడా ఏంటంటే, కుదరడం దానంతటది జరిగేది. ఎవరో ఒకరు చేయాలంటే ‘కుదుర్చు’ అనాలి. సెటిల్‌కి ఆ ఇబ్బంది లేదు, అయినా అదే రూపం, చేసినా అదే రూపం. ‘ఎస్టేటు సెటిల్ అయింది’ అని రాసేస్తే ఎవరు చేశారు, ఎవరితో చేశారు అన్న రెండు ప్రశ్నలూ గడప బయటే నిలబడిపోతాయి. కోడ్‌లో ఆర్గ్యుమెంట్లు ఇవ్వకుండా ఫంక్షన్‌ని పిలిస్తే ఎర్రర్ వస్తుంది. రెవెన్యూ భాషలో ఏ ఎర్రరూ రాదు.

కార్వేటినగరానికి ఈ మాట 1802లో వచ్చింది. అప్పటిదాకా ఇక్కడి రాజులు పాళెగాళ్ళు. కుంఫిణీ కాగితాల్లో సంస్థానం పేరు బొమ్మరాజుపాళెం. వెంకటగిరి, కాళహస్తిలాగే ఇదీ పడమటి పాళేల్లో ఒకటి. పేష్కషు కట్టాలి, పైవాడు అడిగితే సైన్యం పంపాలి. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కుంఫిణీ చేతికి వచ్చింది. మరుసటేడు కుంఫిణీ ఆ సైన్యం బాధ్యత తీసేసి, దాని బదులు డబ్బు లెక్కగట్టి పేష్కషులో కలిపింది. ఇక ఎప్పటికీ ఇంతేనని సన్నదు రాసిచ్చింది. అదే పర్మనెంట్ సెటిల్మెంట్. గుర్రం మీద తిరిగే పాళెగాడు జమీందారై కూర్చున్నాడు. అక్షరాలా కూర్చోబెట్టారు. బాకీ పడితే జప్తు, వేలం.

మరి రైతు? అదే ఏడాది 30వ రెగ్యులేషన్, జమీందారు రైతుకి పట్టా ఇచ్చి ముచ్చిలిక తీసుకోవాలంది. కానీ శాశ్వతంగా సెటిల్ అయింది జమీందారు కుంఫిణీకి కట్టేదా, రైతు జమీందారుకి కట్టేది కూడానా? మొదటిదే అయితే శిస్తు పెంచుకునే దారి జమీందారుకి తెరిచే ఉంటుంది. పాళెంలో మడక పట్టినవాడికి ఇది వ్యాకరణం గొడవ కాదు, కళ్ళంలో గింజల గొడవ. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతుకి సాగు హక్కు ఇచ్చింది కానీ ఈ ప్రశ్నని తేల్చలేదు.

136 ఏళ్ళ తర్వాత, 1938లో, టంగుటూరి ప్రకాశం కమిటీ దీన్ని సూటిగా పట్టుకుంది. నేల రైతుదే, జమీందారు వసూలుదారు మాత్రమే, సెటిల్మెంట్‌కి ముందటి ఏడాది రేట్లకే శిస్తు తిరిగి రావాలి అంది. ఒక క్రియకి కర్మ ఏమిటని అడగడమే ఆ రిపోర్టులో నాకు నచ్చిన తెగువ. మరుసటేడు మంత్రివర్గం రాజీనామా చేసింది, చట్టం రాలేదు.

జమీందారీలు పోయింది 1948 చట్టంతో. వాటిని తవ్వి తీసి రైత్వారీ పట్టాలు తేల్చడానికి నియమించిన అధికారి హోదా ఏంటో తెలుసా? సెటిల్మెంట్ ఆఫీసర్! 1802లో కూర్చోబెట్టిన మాటతోనే లేపేశారు. ఈసారి వాక్యంలోకి రైతు వచ్చాడు. ఇప్పటికీ పాత ఎస్టేటు ఊళ్ళల్లో భూమి తగాదా వస్తే తిరగేసేది సెటిల్మెంట్ ఫెయిర్ అడంగలే. ఆ నేలని అప్పట్లో కౌలుకి దున్నినవాళ్ళు, కూలికి కోసినవాళ్ళు చాలామంది ఆ పేజీల్లో దొరకరు.