మూస వెనుక చేయి

‘మూస’ అన్న మాటకు తెలుగు విమర్శలో మంచిపేరు లేదు. మూస కథ అన్నా, మూస పాత్ర అన్నా ఆలోచన లేని అనుకరణ అనే అర్థం. వేలకొద్దీ పోతపోసిన బొమ్మలనూ ఆ చూపుతోనే చూస్తాం. మొదటి నమూనాను ఎవరు, దేనితో చేశారని అడిగితే మాత్రం యంత్రం వెనుక నుంచి ఒక చేయి బయటపడుతుంది. లండన్‌లో 1947లో మొదలైన లెస్నీ కంపెనీవారి ‘మ్యాచ్‌బాక్స్’ బండ్లు ఇందుకు మంచి ఆధారం.

ఆ వరుస పుట్టిందే చేతిపనిలో. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే బడికి తేవాలన్న నియమం ఉండడంతో, కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ తన కూతురి కోసం చిన్న రోడ్డు రోలరును ఇత్తడితో చేసిచ్చాడు. తోటిపిల్లలు తమకూ కావాలన్నారు. 1953లో మ్యాచ్‌బాక్స్ వరుస వచ్చినప్పుడు ఒకటో నంబరు రోలరుదే.

తరువాతి బండ్లకు పద్ధతి వేరు. చిన్నది కావాలంటే ముందు పెద్దది చెక్కాలి. పనివాడు డ్రాయింగు చూసి, బొమ్మకు కొన్ని రెట్లు పెద్దదిగా కొయ్యలో నమూనా చెక్కేవాడు. దాని నుంచి తీసిన రెసిన్ పోతను పాంటోగ్రాఫ్ యంత్రానికి బిగించేవారు. యంత్రపు ఒక కొన నమూనాను తడుముతూ పోతుంటే, రెండో కొనన తిరిగే కత్తి ఆ రూపాన్నే తగ్గిన కొలతలో ఉక్కు దిమ్మెలో అచ్చుగా తొలిచేది. నమూనా నాలుగు రెట్లు పెద్దదైతే, చెక్కడంలో జరిగిన మిల్లీమీటరు పొరపాటు బొమ్మలో పావు మిల్లీమీటరే అవుతుంది.

అలాగని నమూనా అసలు కారుకు నకలు కాదు. నా దృష్టిలో కళ ఉన్నది ఇక్కడే. కారు తలుపు సందును లెక్క ప్రకారం తగ్గిస్తే, రంగు వేయగానే అది పూడిపోతుంది. అందుకే గాడిని కావాలని వెడల్పు చేయాలి. కరిగిన జింకు మిశ్రమం చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది. ఆ మేరకు కొలత పెంచాలి. పోత అచ్చులో ఇరుక్కోకుండా పక్కలకు వాలు ఇవ్వాలి, గుంటపొంగణాల పెనంలో గుంటలు పైకి విచ్చుకున్నట్టు. కొలత ఎక్కడ తప్పిస్తే పోలిక నిలుస్తుందో చెక్కేవాడి కంటికి తెలిసి ఉండాలి.

ఇందుకు భిన్నంగా కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను ప్రతి బొమ్మకూ కొత్తగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలను అతుకుతారు. అక్కడ పనితనం బొమ్మ బొమ్మకూ పంచుకుపోయింది. లెస్నీలో ఒక్క నమూనాలో పోగుపడింది. కాబట్టి ఒకటి చేతిపని, మరొకటి యంత్రపు పని అని గీత గీయడం తప్పు. చేయి ఏ దశలో పనిచేసిందన్నదే అడగవలసిన ప్రశ్న.

లెస్నీ 1982లో దివాలా తీసింది. ఆ బండ్ల రంగుల్లో, చక్రాల్లో ఉన్న తేడాలకు సేకర్తలు ఈనాటికీ జాబితాలు కడుతున్నారు. వాటిని అమ్మిన చిన్న అట్టపెట్టెల మీద బండి పేరుంది, నంబరుంది. నమూనా చెక్కినవారి పేరు లేదు.