చండ్రుగొండ ఫ్లెక్సీ వెనక 1974 నాటి లెక్క

చండ్రుగొండ సెంటర్లో కనిపించే పెళ్లి ఫ్లెక్సీ వెనక మామూలుగా రెండు ఫైళ్లుంటాయి. ఒకటి కోరల్‌డ్రాలో చేసిన సీడీఆర్. ఇది వెక్టర్, అంటే అక్షరం గీతల లెక్కగా ఉంటుంది. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. రెండోది జేపీజీ, చుక్కల బొమ్మ.

మరి మార్చడం ఎందుకు? డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టంలో సీడీఆర్ తెరిస్తే తెలుగు కాస్తా పిచ్చి గుర్తులైపోతుంది. జేపీజీకి ఆ బాధ లేదు.

ఈ కుదింపు కథలో మన దేశం వాళ్లున్నారు. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ 1972లో నిధులడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. అయినా ఆయన ఆగలేదు. టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో డీసీటీ పేపర్ ప్రచురించారు. 1992 నాటి జేపెగ్ ప్రమాణానికి అదే పునాది. బొమ్మని 8×8 చుక్కల గళ్లుగా కోసి, కంటికి అంతగా ఆనని వివరాలు వదిలేస్తుంది. ముఖాల మీద అది తెలీదు గానీ, వత్తుల సన్నటి అంచుల దగ్గర మసక కనిపిస్తుంది.

వదిలేసింది తిరిగి రాదు. 2016 అక్టోబరులో ఈ మండలం ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకి మారింది. సీడీఆర్ ఉంటే జిల్లా పేరు మార్చడం నిమిషం పని. జేపీజీ ఒక్కటే మిగిలితే, ఆ అక్షరాలు చెరిపి మళ్లీ అతికించాల్సిందే.

అందుకే డిజైన్ చేయించుకున్నప్పుడు కర్వ్స్ చేయని సీడీఆర్ కూడా అడిగి, ఫాంట్ పేరు రాసి దాచుకోండి. జేపీజీని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే మళ్లీ కుదిస్తుంది.