గోడ మీది బొమ్మ, ప్రభువు బల్ల



పోయిన నెల సీతంపేట వైపు కొండల్లో కూటములకు వెళ్లాను. అక్కడ ఒక సవర తాత ఇంట్లో బస. ఆయన కుటుంబం బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. అప్పట్లో ఆ ఇంటి గోడ మీదున్న బొమ్మల్ని ఎర్రమట్టితో అలికించింది నేనే. విగ్రహం అనుకున్నాను. కొత్త సేవకుడిని, ఒక్క మాట అడగలేదు. ఈసారి అన్నం తింటుండగా తాత అన్నాడు: "అయ్యగారూ, ఆ గోడలో మా అమ్మ ఉండేది." కోపంగా అనలేదు. అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ బొమ్మల గురించి ఇంటికి వచ్చాక చదివాను. ముందే చదవాల్సింది. వెరియర్ ఎల్విన్ 1927లో క్రైస్తవ సేవకుడిగా ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చి, 1935లో సంఘాన్నే విడిచిపెట్టిన మనిషి. 1940లలో ఆయన ఒడిశా వైపు సవర పల్లెల్లో తిరిగి, 1951లోనూ 1955లోనూ తెచ్చిన పుస్తకాల్లో వీటి గురించి వివరంగా రాశాడు. సవరలు వీటిని ఇట్టాల్ అంటారని చెప్పాడు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లలో పుల్ల ముంచి గీస్తారు. చనిపోయినవారిని గౌరవించడానికి, రోగం పోవడానికి, పంట పండడానికి గీస్తారు. చుట్టూ గీసిన చట్రమే ఆ ఆత్మకు ఇల్లు. లోపల ఏనుగులు, గుర్రాలు, తుపాకీ పట్టుకున్న బంట్రోతులు ఉంటారు. వాటి మధ్య సైకిలు, రైలు, విమానం కూడా! కొండ మీద నుంచి ఏది గొప్పగా కనబడితే దాన్ని తమవారికి కానుకగా గోడ ఎక్కించారు.

పట్నం చదువులవారు పాప్ ఆర్ట్ అని ఒకటి చెబుతారు. అంగడి సరుకును, పత్రికలో వచ్చిన బొమ్మను తెచ్చి కళలో పెట్టడం. అమెరికాలో ఆండీ వార్హోల్ 1962లో సూపు డబ్బాల బొమ్మలు ప్రదర్శించాడు. అప్పటికే మన సవర చిత్రకారుడి సైకిలు గోడ మీద ఉంది. రెండూ ఒకటే అని నేననను. ఒకరిది అమ్మకానికి, ఒకరిది చనిపోయిన తల్లికి.

అయితే వార్హోల్‌ను కూడా తొందరపడి తీసిపారేయకూడదు. ఆయన తల్లిదండ్రులు కార్పాతియన్ కొండల్లోని మికోవా అనే పల్లెవాళ్లు. మనలాగే కొండజనం. పిట్స్‌బర్గ్‌లో వాళ్లు వెళ్లే చర్చిలో పరిశుద్ధుల పటాలు వరసగా ఉండేవి, వాటిని చూస్తూ పెరిగాడు. 1986లో ఆయన ప్రభు రాత్రి భోజనం మీద వరసగా బొమ్మలు వేశాడు. డావిన్సీ అసలు చిత్రాన్ని కాకుండా, చవకగా అచ్చయ్యే నకళ్లను ముందు పెట్టుకున్నాడు. ఒకదానిలో ప్రభువు పైన డవ్ సబ్బు గుర్తు, పక్కన 59 సెంట్ల ధర చీటీ. పావురం అంటే మనకు ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? 1987 జనవరిలో మిలాన్‌లో, అసలు చిత్రం ఉన్న మందిరానికి దగ్గరలోనే, వాటిని చూపించారు. ఫిబ్రవరి 22న ఆయన చనిపోయాడు. అది వెక్కిరింపా, ప్రార్థనా అని ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. నాకైతే ఆ 59 సెంట్లు చూడగానే ముప్పై వెండి నాణెములు జ్ఞాపకం వచ్చాయి.

లాస్ ఏంజిలిస్‌లో కొరీటా కెంట్ అనే సన్యాసిని ఉండేది. 1962లోనే ఆమె బ్రెడ్డు పొట్లం మీది రంగు చుక్కలను తీసుకుని, ప్రభువు బల్ల రొట్టె తలపుకు వచ్చేలా అచ్చు వేసింది. పెద్దలకు నచ్చలేదు. 1968లో ఆమె మఠం విడిచింది.

తాత ఇంటికే వస్తాను. నేను అలికించిన ఆ గోడకు ఇప్పుడు ఒక క్యాలెండర్ వేలాడుతోంది. బొమ్మ ప్రభు రాత్రి భోజనమే, ఆ చవక నకలే. కింద ఎరువుల దుకాణం పేరు, ఫోన్ నంబరు. వార్హోల్ ఎంతో ఆలోచించి వేసింది మన కొండల్లో మేకుకు ఉచితంగా వేలాడుతోంది. సంవత్సరం మారితే తాత దాన్ని పారెయ్యడు, మీదనే కొత్తది తగిలిస్తాడు. కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు.

రెండవ ఆజ్ఞ నాకు తెలియక కాదు. గోడలోని ఆత్మకు కోడిని కోసే ఆచారం మళ్లీ రావాలని నేను చెప్పను, తాత కూడా కోరలేదు. కానీ అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సు వీధుల్లో తిరిగి, వాళ్ల బలిపీఠాలను చూసి, దానిమీద రాసింది చదివాకే నోరు తెరిచాడు. నేను చదవలేదు, అలికించేశాను. మన తెలుగు పండితుడు గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. పరాయి మాటను వినడానికి ఆయనకు అంత ఓపిక ఉంటే, సువార్త మోసేవాడికి ఎంత ఉండాలి?

ఈ క్రిస్మస్‌కు అక్కడి ప్రార్థన మందిరానికి సున్నం వేస్తున్నారు. తాత మనవడు పదో తరగతి, సీతంపేటలో చదువుతున్నాడు. ఒకవైపు గోడకు సున్నం వద్దని, ఎర్రమట్టి పూసి ఉంచమని అడిగాడు. ఏం గీస్తావని అడిగితే, బేత్లెహేముకు జ్ఞానులు బస్సులో వస్తారన్నాడు. సంఘపెద్దలతో మాట్లాడతానని చెప్పి వచ్చాను. ఆదివారం కూర్చుంటున్నాం.