‘అనాథ’ అనే మాట వెనుక ఉన్న తల్లి: కరవు సీమ చరిత్ర నుండి సంఘమునకు ఒక పాఠము

మన సంఘ చరిత్రలలో ‘అనాథ’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. బిడ్డను చేర్చుకొన్నవారి దయను గురించి మనము ఎంతో వ్రాసుకొన్నాము. బిడ్డను అప్పగించిన తల్లిని గురించి వ్రాసినది బహు తక్కువ. ఆకలి వేయించిన వ్రేలిముద్రను సమ్మతి అని పిలువరాదని ఈ వ్యాసములో మేము చూపదలచినాము.

1. ధాత కరవు

1876-78 కరవును మన పెద్దలు ధాత కరవు అన్నారు. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగము. 1882లో వేరు జిల్లా అయినది. ఆ కరవులో రాయలసీమ మిషను కేంద్రాలు పిల్లలను చేర్చుకొన్నాయి. చనిపోయినవారి బిడ్డలతోపాటు, పోషించలేక కన్నవారే విడిచిన బిడ్డలు కూడ వారిలో ఉన్నారు. అందరికీ పెట్టిన పేరు మాత్రము ఒక్కటే: అనాథలు. ఆ మాటతో బ్రతికి ఉన్న తల్లి కూడ చరిత్రలో లేనిదైపోయినది.

2. తండాల తల్లులు

ఇదే స్థితి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల లంబాడా తండాలలో బయటపడినది. మన కదిరి ప్రాంతపు సుగాలీలు వారి జాతివారే; నేల కూడ అటువంటి మెట్ట నేలే. ఒకప్పుడు వరుని ఇంటివారు ఓలి ఇచ్చే ఆచారము పోయి కట్నము వచ్చినది. ఆడబిడ్డ భారమైనది. దళారులు కొన్ని వందలో, రెండు మూడు వేలో చేతిలో పెట్టి పసికందులను తీసికొనిపోయారు. ఆ బిడ్డలను విదేశాలకు దత్తతకు పంపిన గృహాలకు వేల డాలర్లు ముట్టాయి. వాటిలో క్రైస్తవ పేర్లు గలవి కూడ ఉండుట మనకు సిగ్గుచేటు.

తల్లులందరి అనుభవము ఒకటి కాదు. కొందరు ఇంటివారి ఒత్తిడికి లొంగారు. కొందరు చదువు కొరకు బిడ్డను హాస్టలులో ఉంచామనుకొన్నారు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో ఇక్కడి అక్కచెల్లెళ్లిద్దరిని దత్తత తీసికొన్నారు. ఆ బిడ్డల తల్లి సమ్మతింపలేదని తరువాత తెలిసికొని, ఆయన ఈ అక్రమాలను గూర్చి విపులముగా వ్రాశారు.

3. చట్టము నేర్చిన పాఠము

లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లోనే సుప్రీంకోర్టు, ప్రసవమునకు ముందుగాని, బిడ్డ పుట్టిన మూడు నెలలలోపు గాని తల్లిని ఈ నిర్ణయమునకు ప్రేరేపింపరాదని చెప్పినది. 2001లో రాష్ట్ర ప్రభుత్వము, పేదరికము వలన, లేక ఆడపిల్ల వద్దనుకొనుట వలన బిడ్డను అప్పగించే పద్ధతిని నిలిపివేసినది. 2015 బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డను బాలల సంక్షేమ సమితి ఎదుటనే అప్పగించాలి. మనసు మార్చుకొనుటకు తల్లికి 60 రోజుల గడువు ఉన్నది. ఈ మార్గము తప్పి బిడ్డను చేతులు మార్చుట నేరము.

4. సంఘమునకు

నిర్గమకాండము 2వ అధ్యాయములో మోషే తల్లి పేరు లేదు. యోకెబెదు అను పేరు 6:20లోనే కనిపించును. అయితే ఫరో కుమార్తె ఆమెకు జీతమిచ్చి, ఆమె బిడ్డను ఆమె చేతనే పెంచమన్నది. తండాలలో డబ్బు బిడ్డను తల్లి నుండి విడదీసినది. అక్కడ అదే డబ్బు బిడ్డను తల్లి ఒడికి చేర్చినది.

కాపరులారా, పిల్లలు లేని విశ్వాసులు ఒకవైపు, బిడ్డను సాకలేని తల్లి మరొకవైపు మన యొద్దకు వచ్చుదురు. ఇద్దరినీ రహస్యముగా కలుపుట పుణ్యమనిపించవచ్చును. అలా చేయకుడి. ముందు ఆ తల్లిని అడుగుడి: బియ్యము, వైద్యము, పని దొరికితే బిడ్డను ఉంచుకొందువా? ఉంచుకొందునంటే ఆ సహాయమే మన పరిచర్య. కాదంటే సమితి యొద్దకు ఆమెతో కూడ నడచి వెళ్లుడి; ఆ 60 రోజులు ఆమెను ఒంటరిగా విడువకుడి. బిడ్డ వెళ్లిన తరువాత కూడ ఆమె తల్లియే. సంఘ ప్రార్థనలో ఆమెకు చోటు ఉండవలెను.