వెండి ఒకటే, రూపాలు రెండు

ఓటేసి వచ్చినవాళ్ల ఎడమచేతి చూపుడువేలి మీద నల్లటి గీత మీరందరూ చూసే ఉంటారు. ఆ నలుపు వెండిదని మా సైన్సు టీచరు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. మన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత జరిగిన 1962 సాధారణ ఎన్నికల్లోనే మైసూరులో తయారైన ఈ సిరాను మొదటిసారి వాడారు. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. అది నీళ్లలో ఉప్పులాగా కరిగి, వెండి అయాన్లుగా విడిపోతుంది. చర్మానికి అంటి వెలుగు తగిలితే నల్లబడుతుంది.

ఈ అయాన్ వెండి అంతకు చాలా ముందే మందుగా పేరు తెచ్చుకుంది. 1880లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో క్రెడే అనే డాక్టరు అప్పుడే పుట్టిన బిడ్డల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. అంతవరకు అక్కడ నూటికి పదిమంది దాకా బిడ్డలకు వచ్చే కంటిజబ్బు నూటికి ఒకరికంటే తగ్గిపోయింది. ఎందరికో చూపు దక్కింది. కానీ ఆ చుక్క కంట్లో మండేది.

ఆ మంట తగ్గించడానికి వచ్చిందే రెండో రూపం. పాలలో వెన్న కణాల మాదిరి, సన్నటి కణాలు కరగకుండా తేలుతూ ఉంటే దాన్ని కొల్లాయిడ్ అంటారు. 1861లో ఈ పేరు పెట్టింది థామస్ గ్రాహం. 1902లో అమెరికాలో బార్న్స్, హిల్లే అనే ఇద్దరు వెండిని ప్రోటీనుతో కలిపి ఆర్జిరాల్ అనే మందు చేశారు. అది కంటిని అంతగా మండించదు. పెన్సిలిన్ లాంటి మందులు వచ్చాక దాని వాడకం తగ్గింది.

రెండింటికీ తేడా ఎట్లా తెలుస్తుంది? అయాన్ వెండి నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే పెరుగులా తెల్లగా విరుగుతుంది. కొల్లాయిడ్‌లోకి టార్చి వేస్తే వెలుతురు వెళ్లే దారి కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులు పోతాయని మా అవ్వకు ఎవరో ఒక సీసా వెండినీళ్లు అమ్మారు. ఇలాంటివి ఏ జబ్బుకూ పనిచేస్తాయని రుజువు లేదని అమెరికా మందుల శాఖ 1999లోనే తేల్చింది. ఏ రూపంలోనైనా సరే, చాలాకాలం తాగితే వెండి ఒంట్లో పేరుకుని చర్మం నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఇక పోదు. ఇదంతా చెప్పాక అవ్వ ఆ సీసా పక్కన పెట్టి, నాతో ఆసుపత్రికి వచ్చింది.

అట్లని వెండి పనికిరానిది కాదు. చెన్నై ఐఐటీలో ఆచార్య టి. ప్రదీప్ బృందం 2013లో ప్రకటించిన నీటి ఫిల్టరులో వెండి నానో కణాలే ఉన్నాయి. వాటి నుంచి అయాన్లు కొద్దికొద్దిగా బయటికొచ్చి నీళ్లలోని క్రిములను చంపుతాయి. అంటే కణం కొట్టు లాంటిది, అయాన్ పనివాడు. ఆ పని జరగాల్సింది ఫిల్టరులో. మన కడుపులో కాదు.