కూలి నుంచి కూలీ దాకా

చాలా ఏళ్ల క్రితం మా ఆఫీసర్ల సమావేశమొకటి జరిగింది. వేతన సవరణ మీద చర్చ. ఒక పెద్దమనిషి లేచి ఇంగ్లీషులో ఆవేశంగా మాట్లాడుతూ, ‘కూలీ వేజెస్’కు పని చేయడానికి మనమేమీ గతిలేనివాళ్లం కాదన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొట్టిన తర్వాత మనసు చివుక్కుమన్నది. నన్ను మునిసిపల్ తెలుగు బడిలో చేర్పించిన రోజున పంతులుగారు నింపిన కాగితంలో ‘తండ్రి వృత్తి’ అన్న గడిలో ఉన్నది ఆ ఒక్క మాటే - కూలీ.

ఆ మాటను చాలాకాలం దాచుకున్నాను. దానితోపాటు ఇంకో మాటను కూడా - కామాటిపుర. ఎక్కడ ఉంటారని ఎవరడిగినా ‘బాంబే సెంట్రల్ దగ్గర’ అనేవాణ్ణి. మన చాళ్లలో పెరిగి ఉద్యోగాలకు వెళ్లిన చాలామందికి ఈ జవాబు కొత్త కాదు. ఆ సమావేశం తర్వాతనే ఈ రెండు మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది. నేను భాషావేత్తను కాను, కామర్స్ చదివినవాణ్ణి. కాని ఏ పద్దు ఎవరి పేర రాశారో, ఏ పద్దు రాయకుండా వదిలేశారో వెతకడం నా వృత్తి. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలు.

ముందు ‘కూలి’ సంగతి. తెలుగులో కూలి అంటే మనిషి కాదు, చేసిన పనికి వచ్చే ప్రతిఫలం. కూలి ఇవ్వడం, కూలి గిట్టడం, కోతకూలి, రోజుకూలి - ఎక్కడ చూసినా అది డబ్బో, గింజలో. ఆ కూలి తీసుకొనేవాడు కూలివాడు, తీసుకొనేది కూలిమనిషి. తమిళం, కన్నడం, మలయాళం భాషల్లోనూ ఈ మాటకు ఇదే అర్థం. చివర దీర్ఘం తీసి ‘కూలీ’ అంటే మాత్రం మనిషి అవుతాడు. దీర్ఘం ఒకటే తేడా. కాని ఆ తేడా వెనుక నాలుగు వందల ఏళ్ల కథ ఉంది.

ఇంగ్లీషు నిఘంటువుల్లో ఈ మాట కేవలం మనిషి పేరే. బరువులు మోసేవాడు, చవకగా దొరికే ఆసియా శ్రామికుడు అని అర్థం చెప్పి, ఇప్పుడు దీన్ని తిట్టుగా భావిస్తారని హెచ్చరిక కూడా చేరుస్తున్నారు. ‘కూలీ వేజెస్’ అనే పలుకుబడికి అర్థం నీచమైన జీతమని. తమాషా ఏమిటంటే ఆ పలుకుబడిని తెలుగులోకి మారిస్తే ‘కూలి కూలి’ అవుతుంది. కూలి అంటేనే వేతనమని మరిచిపోయినవాళ్లు దాని పక్కన మళ్లీ ఇంకో వేతనం పెట్టవలసి వచ్చింది!

ఈ మాట ఇంగ్లీషులోకి ఎలా వెళ్లిందన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి తయారుచేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు 1886లో అచ్చయింది. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులో చేరిన మాటల గురించి ఈనాటికీ అందరూ చూసే పుస్తకమది. పశ్చిమ భారతంలోని ‘కోలీ’ అనే జాతి పేరే దీనికి మూలమని వాళ్లు మొగ్గు చూపారు. దక్షిణాది ‘కూలి’ దానితో కలిసిపోయి ఉండవచ్చునన్నారు. బానిస, సేవకుడు అనే అర్థంలో తుర్కీ భాషలో ఉన్న ‘కులీ’ కూడా ఈ చర్చలోకి వస్తుంది. హైదరాబాదు నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేరులో ఉన్నది ఆ కులీయే. అక్కడ ఆ మాట ఒక సుల్తాను పేరులో గౌరవంగా కూర్చుంది.

ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నంలో 1611లోనూ, సూరత్‌లో 1613లోనూ కొఠీలు పెట్టుకున్నారు. ఒక రేవులో వాళ్ల చెవిన ‘కూలి’ పడింది, ఇంకో రేవులో ‘కోలీ’ పడింది. రెండూ కలిసి ఒకే మాటగా స్థిరపడ్డాయనుకోవడంలో నాకు ఇబ్బంది కనిపించదు. అయితే పద్దు పుస్తకం చూసేవాడిగా ఒక్క సంగతి చెప్పగలను. ఈ బదిలీలో మనిషి జమ అయ్యాడు, వేతనం మాయమైంది. 

ఇది చమత్కారానికి అంటున్న మాట కాదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1834 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. చెరకుతోటల దొరలకు పనివాళ్లు కావలసి వచ్చారు. అదే సంవత్సరం నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని మారిషస్‌లో దింపింది. అయిదేళ్ల ఒప్పందం, నెలకు 5 రూపాయల జీతం. ఆ తర్వాత మన కోస్తా జిల్లాలవాళ్లూ ఆ దారి పట్టారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో డర్బన్ చేరినవాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. కాగితం మీద వీళ్లు బానిసలు కారు. వేతనం మీద వచ్చినవాళ్లు, అంటే అక్షరాలా కూలికి వచ్చినవాళ్లు. కాని మారిషస్ తోటల్లో ‘డబుల్ కట్’ అని ఒక లెక్క ఉండేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నవాడు లేచేసరికి ఇరవై రోజుల పద్దు పోయేది. వడ్డీ లెక్కలెన్నో చూశాను గాని ఇంత నిర్దయ అయినది చూడలేదు. పేరులో మాత్రం మిగిలి చేతికి రాని కూలి అది.

అలాగే ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది. చైనావాళ్లు దాన్ని తమ లిపిలో రాసుకొనేటప్పుడు ‘కష్టం’, ‘బలం’ అనే అర్థాలున్న రెండు అక్షరాలు ఎంచుకున్నారు. అందువల్ల అది చైనా మాటేనని నమ్మేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. చైనా శ్రామికులను ఓడల్లో తరలించే ‘కూలీ వ్యాపారం’లో అమెరికన్లు పాల్గొనకూడదని అమెరికా 1862లో చట్టం చేసింది. 1893లో దక్షిణాఫ్రికా వెళ్లిన గాంధీగారికి అక్కడి తెల్లవాళ్లు పెట్టిన పేరు ‘కూలీ బారిస్టరు’. చదువూ, సూటూ, లండన్ పట్టా ఏవీ ఆ మాట నుంచి ఆయనను కాపాడలేదు. దక్షిణాదివాళ్ల పేర్ల చివరి ‘స్వామి’ని పట్టుకొని తెల్లవాళ్లు మనవాళ్లను ‘సామీ’ అని కూడా పిలిచేవారట. సామి అంటే యజమాని అని, కాస్త చమత్కారం తెలిసిన భారతీయులు వాళ్లకు బదులు చెప్పేవారని గాంధీగారు తన ఆత్మకథలో రాశారు. కూలి అన్న మాటకు కూడా అలా ఎవరైనా బదులు చెప్పి ఉంటే బాగుండేది - అది నా పేరు కాదు, నువ్వు నాకు ఇవ్వవలసిన బాకీ అని.

ఇప్పుడు మన గల్లీలకు వద్దాం. హైదరాబాదు రాజ్యం నుంచి బొంబాయికి తెలుగు పనివాళ్లు రావడం 18వ శతాబ్దం చివరనాటికే మొదలైంది. వర్లీ దగ్గర సముద్రపు పోటు లోపలికి రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసిన తర్వాత పల్లపు నేలలు బయటపడ్డాయి. వాటిని పూడ్చి ఇళ్లు కట్టాలంటే పలుగు, పార పట్టేవాళ్లు కావాలి. తెలుగులో కామాటి అంటే సరిగ్గా ఆ పనివాడే. హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. బొంబాయివాళ్లు మాత్రం కులం ఏదైనా సరే, తెలుగు మాట్లాడిన ప్రతివాణ్ణీ కామాటి అన్నారు. మున్నూరువాడైనా, పద్మశాలి అయినా, మాదిగవాడైనా వాళ్ల లెక్కలో ఒక్కటే పద్దు. పని పేరు జాతి పేరైంది, జాతి పేరు పేట పేరైంది. తర్వాత అదే పేటలోని కొన్ని గల్లీల్లో వేశ్యావాటికలు పెరిగాయి. దానితో ఆ పేరుకు ఇంకో అర్థం అంటుకున్నది. ‘కామం’ నుంచే కామాటిపుర వచ్చిందని నాతో వాదించిన చదువుకున్నవాళ్లు ఉన్నారు.

చూడండి, రెండు మాటలకూ పట్టిన గతి ఒకటే. కూలి అంటే వేతనం, కామాటి అంటే పనివాడు. రెండూ కష్టం నుంచి పుట్టిన మాటలు. ఆ కష్టాన్ని వాడుకున్నవాళ్లే వాటిని చిన్నచూపు మాటలుగా మార్చారు. అయితే తప్పంతా దొరలదేనంటే లెక్క సరిపోదు. ఊళ్లో కూలివాణ్ణి అరుగు కింద నిలబెట్టినవాళ్లం మనమే. నాకా మీద నిలబడ్డవాడి రోజుకూలిలో తన వంతు కోసుకున్న మేస్త్రీ మనవాడే. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. మన కూలి అటు వెళ్లింది, వాళ్ల మేస్త్రీ ఇటు వచ్చాడు. ఈ మారకంలో మనకు ఏమి లాభమో చెప్పనక్కరలేదు.

కాని ఇదే పేటల నుంచి తలెత్తుకోదగ్గ పద్దులు కూడా ఉన్నాయి. జోతీరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాలేవార్ వంటి తెలుగువాళ్లు ఉన్నారు. 1888 మే 11న మాండ్వీలోని కోలీవాడలో జరిగిన సభలో ఫూలేకు ‘మహాత్మా’ అన్న బిరుదు ఇచ్చారు. ఆ చోటి పేరు మరొక్కసారి చదవండి - కోలీవాడ. నిఘంటువుల్లో పండితులు ఎవరిది మూలమని తగవులాడుకొనే ఆ రెండు మాటలవాళ్లూ, కోలీలూ మన కూలివాళ్లూ, ఒకే నగరంలో బతికారు. ఈ నగరానికి పేరిచ్చిన ముంబాదేవి కోలీల దేవత. ఈ నగరపు గోడలు లేపినవాళ్లలో కామాటీలు ఉన్నారు.

మాటలు మార్చడం వల్ల మనుషుల స్థితి మారుతుందా? మారిషస్‌లో ఒకనాడు ‘కూలీ ఘాట్’ అనిపించుకున్న రేవు ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన రైల్వే మంత్రి 2016 బడ్జెట్‌లో కూలీలను ఇకపై ‘సహాయక్’ అని పిలుస్తామన్నారు. మంచిదే. అయితే పిలుపు మారినా పెట్టె ఎత్తించుకొని బేరమాడే ప్రయాణికుడు మారలేదు. పేరు మార్చడం కన్నా పాత పేరులోని అసలు అర్థాన్ని చెల్లించడం ముఖ్యమని నా అభిప్రాయం.

మా అమ్మకు చదువు రాదు. బడి కాగితంలో ఏమి రాశారో పెద్దయ్యాక ఒకసారి ఆమెకు చెప్పి, సిగ్గుగా ఉందన్నాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అన్నది: ‘‘కూలి అంటే మీ బాపు గాదు బిడ్డా. మీ బాపు తెచ్చేది కూలి.’’ యూల్, బర్నెల్ దొరలు పేజీలకొద్దీ రాసి తేల్చలేనిది ఆమె రెండు ముక్కల్లో తేల్చింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు వర్లీ బీడీడీ చాళ్ల చోట టవర్లు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి విడత కుటుంబాలకు తాళాలు అందాయి. కామాటిపుర గల్లీలన్నిటినీ కలిపి కొత్తగా కట్టే పథకం మ్హాడా చేతిలో ఉంది. పాత ఖోలీలు పోతాయి, పోవాలి కూడా. నాలుగు కుటుంబాలకు ఒక మోరీ ఉన్న బతుకును ఎవరూ తలుచుకొని మురిసిపోనక్కరలేదు. నా భయమల్లా ఆ ఇళ్లతోపాటు కామాటిపుర అన్న పేరును కూడా సిగ్గుపడే మాటగా తుడిచేస్తారేమోనని.

‘కూలికి వచ్చి పాలికి మాట్లాడినట్టు’ అని మన సామెత. కూలి కోసం వచ్చినవాడు పంటలో వాటా అడిగాడని వెక్కిరింత. ఈ నగరానికి మనవాళ్లు కూలికే వచ్చారు. రెండు వందల ఏళ్లు దాటింది. ఇప్పుడు పాలు అడిగితే తప్పేమీ లేదు. డబ్బు వాటా సంగతి తర్వాత, ముందు పేరులో వాటా. ఇక నుంచి ఎవరైనా నా చిన్ననాటి చిరునామా అడిగితే బాంబే సెంట్రల్ అని చెప్పను. తండ్రి వృత్తి అన్న గడి ఎదురైతే పంతులుగారు రాసిన మాటే రాస్తాను.