పాత పందెపు కారు: పేరు, ఇనుము



అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు పశువులనుగూర్చియు పొలములనుగూర్చియు చెప్పిన మాట పాత వస్తువుల యెడ మరింత నిజము. అందును పాత పందెపు కారు మిక్కిలి చిక్కైన సరకు. తర్కశాస్త్రము చదువుకొని బడిపంతులుగా బ్రదుకు గడపిన నాకు మోటారుబండ్లతో ఏమి పని అని మీరడుగవచ్చును. 1990వ సంవత్సరమున లండనులోని ఉన్నత న్యాయస్థానము ఒక పాత కారునుగూర్చి చెప్పిన తీర్పును తెలిసికొన్నప్పుడు, మా గురువుగారి అరుగుమీద మేము వాదులాడుకొన్న ప్రశ్నయే అచ్చట కోటి పౌనుల వ్యాజ్యమై నిలిచినట్లు నాకు తోచినది. ఆ కథ వినుడు.

ఆ కారును ‘ఓల్డ్ నంబర్ వన్’ అందురు. డబ్ల్యూ. ఓ. బెంట్లీ 1919లో ఇంగ్లండున స్థాపించిన సంస్థ దానిని నిర్మించెను. ఫ్రాన్సుదేశమున లెమాన్ పట్టణముకడ రేయింబవళ్లు ఇరువదినాలుగు గంటలు సాగు పందెము ఒకటి కలదు. ఆ గడువులో ఎక్కువ దూరము పోయినవానిదే గెలుపు. ఆరున్నర లీటర్ల యంత్రముగల యీ కారు 1929లో వుల్ఫ్ బార్నాటో, టిమ్ బర్కిన్ అనువారి చేతులలో ఆ పందెము గెలిచెను. 1930లో బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ అనువారితో మరల గెలిచెను. 1931లో బెంట్లీ సంస్థ దివాలాతీసి రోల్స్‌రాయిస్ వారి వశమైనది. అయినను ఆ యేడే ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ బాటపై అయిదువందల మైళ్ల పందెమును జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ అనువారు ఈ కారుతోనే గెలిచిరి. 1932లో దానికి ఎనిమిది లీటర్ల యంత్రము నమర్చిరి. ఆ సెప్టెంబరున అదే పందెములో అది ఏటవాలు బాట అంచు దాటి క్రింద పడెను. నడపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. అతడు ముందటి యేట గెలిచిన జాక్‌నకు తమ్ముడు. పిమ్మట ఆ కారును బాగుచేసి, పైకప్పుగల బండిగా మార్చిరి.

పందెపు కారు పెట్టెలో దాచుకొను నగ వంటిది కాదు. పందెము ముగియగానే దానిని విప్పుదురు. అరిగినది తీసివేయుదురు, విరిగినది మార్చుదురు. ఇట్టి కారును యజమాని సుమారు కోటి పౌనులకు అమ్మ నొప్పుకొనగా, కొనవలసిన సంస్థ వెనుకకు తగ్గెను. ఇది ఆ కారే కాదని దాని వాదము. యజమాని న్యాయస్థానమునకు పోయెను. నిపుణుడొకడు అంగాంగమును పరిశీలించి సాక్ష్యమిచ్చెను. 1929నాటి కారునుండి, కాలము నిర్ణయింపరాని చిల్లర సామానులు తప్ప, ఏమియు మిగులలేదు. 1930నాటి కారునుండి పెడళ్ల కడ్డీ, గేరుపెట్టె తొడుగు, స్టీరింగు కంబము మాత్రము మిగిలినవి. అడుగు చట్రము, ముందరి ఇరుసు, ఎనిమిది లీటర్ల యంత్రము మొదలగునవి 1932 నాటివి. అనగా లెమాన్ గెలిచిన ఇనుము ఇంచుమించుగా పోయినది. మనిషి ప్రాణము తీసిన ఇనుము నిలిచినది.

ఇప్పుడు మన శాస్త్రములు ఏమనునో చూతము. పాలిభాషలోని మిలిందపన్హమున నాగసేన భిక్షువు మిలిందరాజును ప్రశ్నించును: నీవెక్కి వచ్చిన రథము ఇరుసా, చక్రమా, నొగయా? ఏదియు కాదని రాజు ఒప్పుకొనగా, రథమనునది వ్యవహారమునకు పెట్టుకొన్న పేరని తేల్చును. మా నైయాయికులు అవయవములకంటె వేరుగా అవయవి కలదనుచు బౌద్ధులను ఖండింతురు. అయినను వస్త్రమునుండి ఒక దారము లాగినచో పాత వస్త్రము నశించి క్రొత్తగా ఖండపటము పుట్టుననియు, ‘అదియే ఇది’ యను జ్ఞానము దీపజ్వాలయందువలె సాదృశ్యమువలన కలుగుననియు వారి మతము. కాబట్టి ఈ వ్యాజ్యమున బౌద్ధుడును నైయాయికుడును కలిసి కొనువాని పక్షమునకే పోవుదురు!

న్యాయమూర్తి ఒట్టన్ అమ్మువాని పక్షమున తీర్పు చెప్పెను. ఈ కారు ఏనాడును మూలబడి అంతరించి, దాని స్థానమున మరియొకటి రాలేదు. మార్పులన్నియు దాని బ్రదుకులోనే, పందెముల నడుమ, ఒక్కొక్కటిగా జరిగినవి. ఆ పేరు నాదని వచ్చు మరియొక కారు లేదు. కావున దీనిని ప్రామాణికమనవచ్చును. కర్మాగారము వెడలిననాటి మూలరూపమని మాత్రము అనరాదు. ఆ రెండు మాటల నడుమ కోటి పౌనులున్నవి. లోకవ్యవహారమునకు తర్కముకంటె తెగని చరిత్రయే ప్రమాణమని ఆ తీర్పు తాత్పర్యముగా నేను గ్రహించితిని.

కొనువారికి కలుగు చిక్కులన్నియు ఇందుండియే పుట్టుచున్నవి. పై గుడ్డ నిగనిగలాడుచుండగా లోపలి కొయ్యచట్రము పుచ్చియుండవచ్చును. అది వడ్రంగి తీర్చు చిక్కు. ఒక కారు చట్రము ఒకచోటను, దాని యంత్రము వేరొకచోటను చేరి, రెండును ఒకే పేరు చెప్పుకొన్నచో ఏ వడ్రంగియు తీర్పలేడు. పైకప్పుగల పాత బెంట్లీలు ఎన్నియో ఆ కప్పు పోగొట్టుకొని లెమాన్ కారుల వేషము వేసికొన్నవి. వానియందు అంకె నిజమే, ఇనుము నిజమే. పందెపు చరిత్ర మాత్రము నేతిబీరలోని నెయ్యి.

మరియొక ఆశయు కొనువారిని పీడించును. 1932నాటి యంత్రమును పెరికి, 1930నాటిదానివంటిది పెట్టి, కారును పూర్వరూపమునకు తెత్తమనుకొందురు. అట్లు చేసినచో గెలుపుల రూపము వచ్చును గాని, క్లైవ్ డన్‌ఫీ మరణమునకు సాక్ష్యము తుడిచిపెట్టుకొనిపోవును. గెలుపుతోపాటు గాయమును కొనుటకు ఇష్టపడనివాడు పాత వస్తువు జోలికి పోరాదు.

కావున నాకు తోచిన హితవు ఒక్కటే. ఏ మరయు మారలేదని ప్రమాణము చేయువానికంటె, ఏ యేట ఏది ఎందుకు మార్చిరో కాగితముతో చూపువాడే నమ్మదగిన అమ్మకందారు. ముందు ఆ కాగితములు చదువుడు. పిదప చట్రముక్రింద దీపము పెట్టి చూడుడు.